స్టోరక్క దాచిన అంకె

ఆ ప్రయోగశాలలో డాక్టరేటు ఉన్నవాళ్లు నలభై ఆరుగురు. లేనివాళ్లలో స్టోరక్క ఒకతె. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది గానీ, హాజరుపట్టీలో తప్ప అది ఇంకెక్కడా బతికి లేదు. వయసులో పెద్దవాళ్లు కూడా స్టోరక్క అనే పిలిచేవారు. కేబుళ్లు, మరలు, వాషర్లు, రబ్బరు రింగులు, సోల్డరింగ్ తీగ చుట్టలు, నేలమాళిగలో పదకొండు బీరువాల సామాను ఆమె అధీనంలో ఉండేది. ఏ సైజు మర ఏ డబ్బాలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేది. స్పానరు పట్టుకెళ్లి తిరిగివ్వని ప్రొఫెసరును సెమినారు మధ్యలో తలుపు దగ్గర నిలబడి వేలితో పిలిచిన మనిషి ఆమె. ఆయన మాట ఆపి, జేబులోంచి స్పానరు తీసి ఇచ్చాకే మళ్లీ విశ్వం గురించి మాట్లాడాడు.

అక్కడ జరిగే పని చెప్పుకోవడానికి తేలికే. మ్యూయాన్ అని ఒక కణం ఉంది. ఎలక్ట్రానుకు లావుపాటి అన్న అనుకోవచ్చు. పుట్టిన రెప్పపాటులో లక్షో వంతుకు చచ్చిపోతుంది. ఈలోపు దాన్ని పెద్ద గుండ్రటి అయస్కాంతంలో పరుగెత్తిస్తే బొంగరంలా తల ఊపుతుంది. ఎంత వేగంగా ఊపుతుందో కొలవాలి. ఎంత వేగంగా ఊపాలో సిద్ధాంతకర్తలు కాగితం మీద లెక్కగట్టి పెట్టారు. కొలత, లెక్క ఒక్కటైతే ఫరవాలేదు. ఒక్కటి కాకపోతే మాత్రం, ఇంతవరకు ఎవరూ చూడనిదేదో దాన్ని ముట్టుకుంటోందన్నమాట. ఆ "కాకపోతే" కోసం నలభై ఆరుగురూ నిద్రాహారాలు మానేసి కూర్చున్నారు.

ఇక్కడే వాళ్లకొక పద్ధతి ఉంది. మనిషికి ఫలానా జవాబు రావాలని ఉంటే, చెయ్యి తెలియకుండానే అటు జరుగుతుంది. నచ్చని జవాబు వస్తే తప్పులు వెతుకుతాడు, నచ్చింది వస్తే వెతకడం మానేస్తాడు. అందుకని జవాబు తమకే తెలియకుండా దాచుకుంటారు. ఊపులు లెక్కపెట్టే గడియారాన్ని ఎవరికీ తెలియనంత కొంచెం తేడాగా తిప్పి, దాని పెట్టెకు తాళం వేస్తారు. ఏళ్ల తరబడి అందరూ రెండు జట్లుగా, ఎవరికి వారు, ఆ తప్పుడు గడియారంతోనే లెక్కలు చేస్తారు. పని పూర్తయి, ఇక మార్చేది లేదని అందరూ సంతకాలు పెట్టాకే ఆ తేడా ఎంతో చెప్పే అంకెను బయటికి తీస్తారు. చదువుకున్నవాళ్లు తమను తామే నమ్మకుండా పెట్టుకున్న ఏర్పాటిది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది.

ప్రయోగం మొదలైన ఏడు పెద్దసారు స్వయంగా నేలమాళిగలోకి దిగివచ్చారు. పెద్దసారంటే అక్కడి డైరెక్టరు. ఆయన మెట్లు దిగి రావడం అదే మొదటిసారి.

"స్టోరక్కా, ఆ అంకె దాచడానికి నాకో మనిషి కావాలి. పైనున్నవాళ్లు పనికిరారు. వాళ్లకి ఆశ ఎక్కువ" అన్నారు.

"నాకైతే అర్థం కాదు కాబట్టి ఆశ ఉండదంటారు. అంతేగా సార్?"

"మీ దగ్గర పెట్టిన వస్తువు పోయిందని ఇరవై ఏళ్లలో ఒక్కరూ అనలేదంటున్నాను."

ఆ మాటకు స్టోరక్క లోపల పొంగిపోయింది. అయినా చెప్పాల్సింది చెప్పింది. "మా చెల్లెలు మీ దగ్గరే లెక్కలు చేస్తోంది కదండీ. రేపు ఎవరైనా ఏమైనా అంటే?"

"అందుకే మీకిస్తున్నాను. సొంత చెల్లెలికి చెప్పని మనిషి ఇంకెవరికి చెబుతుంది?"

ఆమె చేతే రాయించారు. చిన్న కాగితం, ముందు ఒక మైనస్ గుర్తు, తర్వాత ఐదంకెలు. మడిచి, కవర్లో పెట్టి, అంటించి, ఆమె సొరుగులో పెట్టి తాళం వేయించారు. ఒక్కసారి రాస్తే మరిచిపోయే బుర్ర కాదు ఆమెది. ముప్పై తొమ్మిది వేల ఏడు వందల పదహారు. ఇప్పుడు చెప్పుకున్నా తప్పులేదు, అది ఎవరికీ పనికిరాదు.

అది మొదలు ఆ అంకె ఆమె ఒంట్లో ఒక అవయవమై కూర్చుంది. మరలు లెక్కపెడుతూ ముప్పై తొమ్మిది దగ్గరికి వస్తే గొంతు తగ్గించేది. నిద్రలో కలవరిస్తానేమోనని కొన్నాళ్లు వేరే గదిలో పడుకుంది. ఆమె భర్త బస్సు కండక్టరు, సరదా మనిషి. "నీ పక్కన పడుకుంటే ఖజానా పక్కన పడుకున్నట్టుంది. ఎప్పుడు ఎవరొచ్చి నన్ను కాపలా నిలబెడతారో" అనేవాడు. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషను చేస్తామన్నప్పుడు, మత్తు ఇవ్వకుండా కోయడం కుదరదా అని డాక్టరును అడిగింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, కుదరదన్నాడు. మెలకువ రాగానే నర్సును అడిగిన మొదటి మాట, "నేనేమైనా అంకెలు వాగానా?" అని. నర్సు నవ్వి, "ఎవర్నో స్పానరు ఇమ్మని తిట్టారండీ" అంది. అప్పుడు గానీ ఆమె ప్రాణం కుదుటపడలేదు.

చెల్లెలి సంగతి చెప్పాలి. అక్కకూ చెల్లికీ మధ్య పదకొండేళ్లు. తల్లి పోయేనాటికి చెల్లెలికి ఐదేళ్లు. పదో తరగతితో చదువు ఆపేసి అక్కే తల్లయింది. జడలు వేస్తూ ఎక్కాలు చెప్పించేది. పదమూడో ఎక్కం వచ్చాకే రిబ్బను కట్టేది. ఆ పిల్ల ఎక్కాలు దాటి, బీజగణితం దాటి, అక్కకు అర్థం కాని చోటికి వెళ్లిపోయింది. చివరికి అదే ప్రయోగశాలలో, నేలమాళిగకు సరిగ్గా మూడంతస్తుల పైన, బల్ల వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం పూట ఇద్దరూ స్టోరులోనే భోజనం చేసేవారు. ఎవరైనా వస్తే, "మా చెల్లెలు. డాక్టరు. మందులిచ్చే డాక్టరు కాదు" అని అందరికీ తెలిసిన విషయమే మళ్లీ చెప్పేది స్టోరక్క.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం చెల్లెలు అన్నం డబ్బా తెరవలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చి, కేబుల్ చుట్టల మీద కూర్చుంది.

"అక్కా, మా జట్టు లెక్కకీ రెండో జట్టు లెక్కకీ పొంతన కుదరడం లేదు. మూడు వారాల్లో సమావేశం. తప్పు మాదే అని తేలితే నన్ను ఉంచరు."

"వెతుక్కోవే. నువ్వు వెతికితే దొరకనిదేముంది?"

"వెతకడానికి టైము లేదు. అంకె చెప్పొద్దు. ప్లస్సా మైనస్సా, అంతే. గడియారం ఎటు తిప్పారో తెలిస్తే తప్పు ఎటుందో పట్టుకుంటాను. నోటితో కూడా వద్దు, ప్లస్ అయితే పైకి, మైనస్ అయితే కిందికి తల ఊపు చాలు."

స్టోరక్క చేతిలోని ముద్ద తిరిగి డబ్బాలో పెట్టేసింది. ఇన్నేళ్లలో ఈ పిల్ల అడిగినది కాదన్న రోజు లేదు. తను మానేసిన చదువు దీని కోసమే మానేసింది. ఒక్కసారి కిందికి తల వంచితే దాని ఉద్యోగం నిలబడుతుంది. ఎవరికీ తెలియదు. అయినా పెద్దసారు మెట్లు దిగి వచ్చి అన్న మాట ఒకటి అడ్డం పడింది. ఏ చిన్న కదలిక కూడా జవాబైపోతుందేమోనని భయపడి, మెడ బిగబట్టుకుని కూర్చుంది. కళ్లు కూడా ఆర్పలేదు.

చెల్లెలు ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది. అక్క లేచి మంచినీళ్లు ఇచ్చింది. తాగలేదు. "నీకు వాళ్లే ఎక్కువ" అని వెళ్లిపోయింది.

మర్నాడు భోజనానికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మెట్ల మీద ఎదురుపడితే ఫోను చూసుకుంటూ తప్పుకునేది. రెండు నెలలకు ఉద్యోగం మానేసి, నగరానికి అవతలి చివర ఒక పాఠశాలలో లెక్కల టీచరుగా చేరిపోయింది. వెళ్లేరోజు స్టోరుకు ఇవ్వాల్సిన సామాను ఇంకెవరి చేతో పంపించింది. అందులో ఒక్క వాషరు కూడా తక్కువ లేదు.

తర్వాత మూడేళ్లు. ఫోను చేస్తే, "బాగానే ఉన్నానక్కా, క్లాసుంది" అనే రెండు ముక్కలు. పండక్కు రమ్మనడానికో పుట్టినరోజుకు పిలవడానికో నోరు రాక స్టోరక్క ఊరికే "అన్నం తిన్నావా" అని అడిగి పెట్టేసేది. భర్త మాత్రం, "ఆ తల ఏదో ఊపేస్తే పోయేది కదే" అని ఒకసారి అన్నాడు. వారం రోజులు అతనితో మాట్లాడలేదు. కానీ వంటగదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె కూడా ఆ మాటే అనుకునేది. తను చేసింది న్యాయమని తెలుసు. న్యాయం చేసినందుకు ఇంత నొప్పి ఎందుకుండాలో తెలియదు. అంకె బయటపడే రోజు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది. ఆ రోజు తన నోటికి వేసిన తాళం ఊడుతుంది. నేరుగా చెల్లెలి దగ్గరికి వెళ్లి, "చూడవే, ఇంతే ఇది, దీని కోసమే నిన్ను ఏడిపించాను, నన్ను క్షమించు" అని చెప్పగలుగుతుంది. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో కూడా మరలు తుడుస్తూ తయారు చేసుకుంది.

ఆరో ఏడు ఆ రోజు వచ్చింది. ఉదయం పది గంటలకు పెద్ద హాలు నిండిపోయింది. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలేసుకుని, కవరు రెండు చేతులతో పట్టుకుని స్టోరక్క మెట్లెక్కి వచ్చింది. చప్పట్లు కొట్టారు. పెద్దసారు మైకు ఇచ్చి చదవమన్నారు. చూడక్కర్లేకపోయినా కాగితం చూసే చదివింది.

కంప్యూటరు దగ్గర కూర్చున్నాయన అంకెలు కొట్టాడు. గోడ మీద తెరలో, జవాబు ఉండాల్సిన చోటికి ఎంతో దూరంగా, ఏమీ లేని తెల్లటి ఖాళీలో ఒక చుక్క పడింది. హాలంతా గుసగుసలు. తను తప్పు చదివానేమోనని స్టోరక్క కాగితం మళ్లీ చూసుకుంది. మైనస్ ఉంది. ఐదంకెలూ ఉన్నాయి.

అప్పుడు పెద్దసారు నవ్వారు. కోటు లోపలి జేబులోంచి ఇంకో కవరు తీశారు. అది వేరే సంస్థలో ఒక తెలిసినాయన దగ్గర ఆరేళ్లు భద్రంగా ఉందట. "అసలుది ఇది" అన్నారు. హాలు గొల్లున నవ్వింది. ఆ అంకె కొట్టగానే చుక్క వచ్చి తన చోట కూర్చుంది. మళ్లీ చప్పట్లు. ఈసారి ఇంకా గట్టిగా.

జవాబు ఏమిటంటే, కొలత పాతదే. ఇంతకుముందు ఇంకోచోట కొలిచినదానికి అచ్చంగా సరిపోయింది. ఈలోగా సిద్ధాంతకర్తలే తమ లెక్కను కొత్తగా వేసుకుని, మెల్లగా ఈ కొలత పక్కకు వచ్చి చేరారు. ఎవరూ చూడనిదేదో ముట్టుకుంటోందన్న ఆశ అలా సగం చల్లారింది. కొందరు సంతోషించారు, కొందరు ముఖాలు వేలాడేశారు. స్టోరక్క ఇదేదీ వినలేదు. ఇంతమందిలో తల కొట్టేసినట్టయి, మైకు ఎవరికివ్వాలో తెలియక పట్టుకునే నిలబడింది.

మధ్యాహ్నం పెద్దసారు గదికి వెళ్లింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మరి నాకిచ్చిందేమిటి సార్?"

"ఏదో ఒక అంకె. నేనే అనుకున్నాను. మీరు మనసులో పెట్టుకోకండి స్టోరక్కా, పద్ధతి ప్రకారం చేసింది. ఎవరైనా మీ దగ్గర ఆ అంకె సంపాదించి, చాటుగా తమ లెక్క సరిచేసుకుంటే, వాళ్ల జవాబొక్కటే పక్కకు పోతుంది. ఇట్టే దొరికిపోతారు. ఎవరూ దొరకలేదు. అంటే మీరు బంగారం."

"ఎవరైనా నా దగ్గరికొస్తారని చూశారు."

"వస్తారేమోనని."

"నన్ను నమ్మి ఇచ్చారనుకున్నాను."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నమ్మకం వేరు, తనిఖీ వేరు. నా మీద కూడా తనిఖీ ఉంటుంది" అన్నారు. అందులో అబద్ధం లేదు. అయితే ఆయన్ని ఎలుకలబోనులో ఎరగా పెట్టి ఆరేళ్లు ఎవరూ మూలన వదిలేయలేదు.

ఆ మధ్యాహ్నమే సెలవు చీటీ రాసి బస్సెక్కింది. ఒళ్లంతా మండిపోతోంది. అయినా ఆ మంట అడుగున, చెప్పుకోవడానికి సిగ్గేసేటంత చిన్న సంతోషం ఒకటి కదిలింది. ఆ రోజు తను తల ఊపి ఉంటే? చెల్లెలు ఆ దొంగ గుర్తును నమ్మి లెక్క తిప్పుకునేది, నలుగురిలో దొంగలా పట్టుబడేది. ఊపకపోబట్టే బతికిపోయింది. ఇది చెబితే చాలు. క్షమించమని అడగాల్సిన పని కూడా లేదు. ఇద్దరం కలిసి ఆ పెద్దమనిషిని తిట్టుకోవచ్చు, కలిసి అన్నం తినొచ్చు. మూడేళ్ల తర్వాత మొదటిసారి ఆమెకు ఆకలేసింది.

చెల్లెలు ఉండేది రెండో అంతస్తులో. బడి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతులకు సుద్దపొడి. అక్కను చూసి గుమ్మంలో ఆగిపోయి, తర్వాత పక్కకు జరిగింది. బల్ల మీద దిద్దాల్సిన నోటుపుస్తకాలు రెండు దొంతరలుగా ఉన్నాయి. స్టోరక్క కూర్చుంటూనే మొదలుపెట్టి, హాలూ, చుక్కా, రెండో కవరూ, ఎర సంగతీ, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది.

"వినవే, నేను చెప్పి ఉంటే నువ్వు నాశనమైపోయేదానివి. మనిద్దర్నీ బోనులో పెట్టాడే ఆయన. నువ్వేమో ఇన్నాళ్లూ నా మీద..."

చెల్లెలు నోటుపుస్తకాల అంచులు సరిచేస్తోంది. అప్పటికే సరిగ్గా ఉన్న అంచుల్ని మళ్లీ సరిచేస్తోంది. స్టోరక్క మాట మధ్యలో ఆగింది.

"నీకు ఆశ్చర్యంగా లేదా?"

"నాకు తెలుసక్కా."

"ఎవరు చెప్పారు? పొద్దున్నేగా బయటపడింది."

"ముందే తెలుసు. నిన్ను అడగడానికి ముందు నుంచీ." ఆమె తల ఎత్తలేదు. "అడగమన్నది పెద్దసారే. కాగితం ఉత్తుత్తిదని కూడా చెప్పారు. బయటివాళ్లు అడిగితే నువ్వు ఎలాగూ చెప్పవు, సొంతవాళ్లు అడిగితేనే అసలు పరీక్ష అన్నారు. నాకు ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం ఆయన బల్ల మీదుంది అప్పుడు."

వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. అది అంటుకోలేదు. మళ్లీ తన్నారు.

"జట్టు లెక్క కుదరలేదన్నావు" అంది స్టోరక్క.

"కుదిరింది. ఆ ముందువారమే కుదిరింది."

"ఉద్యోగం పోతుందన్నావు."

"నువ్వు చెప్పవని నాకు తెలుసక్కా. ఒట్టు. తెలుసు కాబట్టే ఒప్పుకున్నాను. నీకు మంచిపేరొస్తుంది, నాకు పని అవుతుంది, అంతే కదా అనుకున్నాను. కానీ నువ్వు అలా మెడ కూడా కదపకుండా, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నావు చూడు... ఏడుపు ఆగలేదు. అది మాత్రం ఆయన చెప్పింది కాదు. తర్వాత నీ మొహం చూడలేకపోయాను. అక్కడ ఉండలేకపోయాను."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే ఆ అంకె తీసుకెళ్లి ఆయన మొహాన కొట్టి వచ్చేస్తావు. దాన్ని దాచుకుని నువ్వెంత గర్వంగా తిరిగేదానివో రోజూ చూశాను. అది నీ దగ్గర్నించి లాక్కోలేకపోయాను."

"అందుకని నిన్ను నేనే ఏడిపించాననుకుంటూ మూడేళ్లు ఉండనిచ్చావు."

స్టోరక్క తన చేతులు చూసుకుంది. ఈ చేతులతో జడలు వేసింది, రిబ్బన్లు కట్టింది, ఆ అంకె రాసింది, వంటగదిలో కళ్లు తుడుచుకుంది. పెద్దసారు చేసింది పద్ధతి. ఆయన ఎవరో బయటివాడు, ఆయన మీద కోపం నాలుగు రోజులుంటుంది, పోతుంది. దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు. మూడేళ్లుగా రోజూ తుడిచి సిద్ధం చేసుకున్న క్షమాపణ ఇంకా నోట్లోనే ఉంది. దాన్ని చెప్పాల్సినది తను కాదు.

ఆమె లేచింది. చెల్లెలూ గబుక్కున లేచి, దారికి అడ్డంగా నిలబడింది. కళ్ల నిండా నీళ్లు.

"ఏదో ఒకటి అనక్కా. కొట్టు, లేకపోతే తిట్టు. అలా వెళ్లిపోకు. తిట్టక్కా."

స్టోరక్క ఆమెను పరాయి మనిషిని చూసినట్టు కింద నుంచి పైదాకా చూసింది.

"తిట్టడానికి నువ్వు నాకేమవుతావు?" అని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.